చెక్క దాటిన చక్రం

మెకానిక్ శవం రేసు కారుకూ షెడ్డు గోడకూ మధ్య ఇరుక్కుని ఉంది.

ఇన్‌స్పెక్టర్ వంగి కారు కిందికి చూశాడు. ముందు చక్రాలకు అడ్డుపెట్టిన బెత్తెడు ఎత్తు చెక్క ఇప్పుడు వాటి వెనక ఉంది.

"నేనే చంపుకున్నానండీ," అంది చనిపోయినవాడి భార్య. "ఇంజన్ వేడెక్కాలని ఆన్ చేసి ఇంట్లోకెళ్ళి మిక్సీ వేశాను. హ్యాండ్‌బ్రేక్ మర్చిపోయాను."

"గేర్‌లో వదిలేశారా?"

"లేదు. న్యూట్రల్‌లోనే."

"గేరు దానంతటదే పడిపోయింది సార్," అన్నాడు ఆమె తమ్ముడు. ఆ కారును పందేల్లో నడిపేది అతనే. "పాత గేర్‌బాక్స్."

"నువ్వెక్కడున్నావ్?"

"షెడ్డు గుమ్మం బయట టైర్లు సర్దుతున్నా. కేక విని వచ్చేసరికే అంతా అయిపోయింది."

"లోపలికి ఇంకెవరైనా వచ్చారా?"

"ఈగ కూడా రాలేదు. ఉన్నదొక్కటే గుమ్మం, నా కళ్ళముందే ఉంది."

"మరి ఈ చెక్కనెలా దాటింది?"

తమ్ముడు నవ్వాడు. "నాలుగొందల హార్స్‌పవర్ సార్ ఇది! చెక్కముక్కకి ఆగుతుందా?"

బావ శవం కళ్ళముందు ఉండగా నవ్వేవాణ్ణి చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఇన్‌స్పెక్టర్‌కూ మండింది. కానీ ఆ నాలుగొందల హార్స్‌పవర్ మాట మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

శవాన్ని పోస్టుమార్టమ్‌కు పంపాక, సాయంత్రం అక్కాతమ్ముళ్ళిద్దర్నీ షెడ్డుకు పిలిపించాడు. కారు వెనక్కి నెట్టించాడు. చెక్కను మళ్ళీ చక్రాల ముందు పెట్టించి, గోడ దగ్గర పాత టైర్లు పేర్పించాడు. కాన్‌స్టేబుల్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఫస్ట్ గేర్. యాక్సిలరేటర్ ముట్టుకోకు. క్లచ్ వదిలెయ్."

కారు ముందుకు ఉరికింది. చెక్కకు తగిలింది. ఇంజన్ ఠక్కున ఆగిపోయింది.

"ఇంకోసారి."

మళ్ళీ ఆగిపోయింది. తమ్ముడి మొహం నల్లబడింది.

"చక్రాన్ని తిప్పే బలం టార్క్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ బలాన్ని తిరిగే వేగంతో గుణిస్తే హార్స్‌పవర్. నీ నాలుగొందలూ వచ్చేది ఏడువేల ఆర్‌పీఎం దగ్గర. ఊరికే ఆన్‌లో ఉంటే టార్కూ తక్కువే, వేగమూ తక్కువే. పదో పరకో హార్స్‌పవర్ వస్తుంది. చెక్క ఎక్కడానికి ఆ టార్క్ చాలదు. ఏయ్ కాన్‌స్టేబుల్, ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కి క్లచ్ వదులు!"

ఇంజన్ ఒక్కసారిగా అరిచింది. కారు చెక్క ఎక్కి దూకి, టైర్లను గుద్దుకుంది.

"సీట్లో ఎవరో కూర్చుని తొక్కారు. ఈగ కూడా రాలేదని నువ్వే అన్నావ్. మీ అక్క ఇంట్లో ఉంది. ఎవడ్రా తొక్కింది?"

తమ్ముడు చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత అణచుకోలేక పేలిపోయాడు. "ఈ పందెం నుంచి వేరేవాడు నడుపుతాడన్నాడు! పదేళ్ళు నడిపినవాణ్ణి, నీకు గొప్పలు తప్ప ఇంజన్ తెలీదని అందరిముందూ తీసిపారేశాడు!"

అక్క లేచి నిలబడింది. పొద్దుటి నుంచి ఏడ్చిన కళ్ళు. ఇప్పుడు వాటిలో ఉన్నది ఒట్టి అసహ్యం.

"నీ పొరపాటే అక్కా, ఎవరికీ చెప్పనులే అని నన్ను పట్టుకుని ఏడ్చావు కదరా. బతికినన్నాళ్ళూ మొగుణ్ణి చంపుకున్నాననే అనుకునేదాన్ని. నువ్వు అనుకోనిచ్చేవాడివి."

బేడీలు పడ్డాయి.

"అక్కా, నువ్వయినా వీళ్ళకి చెప్పక్కా! నీ తోడబుట్టినవాణ్ణి!"

"చెప్తానురా," అంది ఆమె. "కోర్టులో నిలబడి మొత్తం చెప్తాను."