ఊదారంగు అన్నం

నేలల శాస్త్రవేత్త డాక్టర్ సలోమి తను తయారుచేసిన పరీక్ష లాంతరు మీట నొక్కింది. కంచంలో మల్లెపువ్వులా ఉన్న అన్నం ఒక్కసారిగా ఊదారంగుకి తిరిగింది. ముద్ద కలుపుతున్న వీర్రాజు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కనే అతని మూడేళ్ల మనవరాలి మూతికి అంటుకున్న మెతుకులు కూడా అదే రంగులో మెరుస్తున్నాయి.

“ఛీ! ఏంటండీ ఈ దరిద్రం?”

“కాడ్మియం. విషపు లోహం. హద్దు మించి ఉంటే ఈ వెలుతురులో ఇలా బయటపడుతుంది,” అంది సలోమి.

వీర్రాజు ఊళ్లో రైతులు అమ్మకానికి ఒక చేను, ఇంటి తిండికి వేరే మడి వేసుకుంటారు. తిండి మడిలో పురుగుమందు చుక్క పడనివ్వరు. వీర్రాజు అంతటితో ఆగలేదు. ఇంట్లోవాళ్లు తినే గింజకి బలం ఉండాలని ఆ మడిలో ఏటా ఫాస్ఫేట్ ఎరువు, దాని మీద యూరియా ధారాళంగా గుమ్మరించాడు.

ఫాస్ఫేట్ ఎరువుని రాతి నుంచి తీస్తారు. కొన్ని రాళ్లలో కాడ్మియం కలిసే ఉంటుంది. ఏళ్ల తరబడి వేస్తే అది నేలలో పేరుకుంటుంది. యూరియా ఎక్కువైతే నేల పులుస్తుంది, పులిసిన నేలలో లోహం కరుగుతుంది. వరి వేరుకి మంచీ చెడ్డా తెలియదు, నీళ్లతోపాటు తాగేస్తుంది. అక్కణ్ణుంచి గింజలోకి, గింజలోంచి మన కిడ్నీల్లోకి. ఒకసారి చేరిందంటే ఏళ్లూ పూళ్లూ కదలదు.

“పిల్లకి నా చేత్తోనే తినిపించానండీ,” అంటూ వీర్రాజు పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు.

“ఎరువు తగ్గించి, సున్నం చల్లండి. నేల మెల్లగా దారికొస్తుంది. ఈ మడి ధాన్యం మాత్రం ఎవరూ తినకూడదు. గొయ్యి తీసి పూడ్చెయ్యండి,” అంది సలోమి. వీర్రాజు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

సలోమి పట్టుబట్టి లాంతర్లను ముందుగా రైతులకే ఇప్పించింది. పట్నాలకి ఇంకా రాలేదు. ఏడాది తిరిగేసరికి ఏ పల్లెలో చూసినా లాంతరు వేసి చూసుకున్నాకే ఎసట్లో బియ్యం పోస్తున్నారు. మరి ఊదాగా మెరిసిన బియ్యం ఏమైనట్టు? ఆ మాట అడగాలని ఇంత చదువుకున్న సలోమికీ తోచలేదు. ఇక్కణ్ణుంచి చెప్పాలంటే నాకే రోతగా ఉంది.

ఒక మధ్యాహ్నం ఆమె కూతురు షారోన్ పట్నంలోని ఆఫీసు క్రెష్‌లో పెరుగన్నం తింటోంది. కొత్త మోడల్ లాంతరు ఎలా పనిచేస్తుందో చూద్దామని సలోమి ఆ గిన్నె మీద వేసింది. పెరుగులోంచి ఊదా మెతుకులు తేలాయి. పిల్ల నాలుక మీద కూడా అవే. సలోమి పిల్ల నోట్లో వేలు పెట్టి ముద్దంతా కక్కించింది.

“ఆర్నెల్లుగా ఇవే బియ్యం మేడమ్,” అంది ఆయా బిక్కచచ్చిపోయి. “రైతులు ఇంట్లో తినే బియ్యమని జనం ఎగబడి కొంటున్నారు.”

బస్తా మీద వీర్రాజు ఫొటో, నవ్వుతూ.

సలోమి ఫోన్ చేసింది. “పూడ్చెయ్యమన్నాను కదా!”

“తినే గింజని మట్టిలో కప్పెట్టమంటారా? మహాపాపమండీ!” అన్నాడు వీర్రాజు, నిజంగానే నొచ్చుకుంటూ.

“ఆ బియ్యమే నా కూతురు తింటోందయ్యా!”

వీర్రాజు లబలబలాడాడు.

“అయ్యయ్యో, మన పాప తింటుందని తెలీదండీ! తెలిస్తే పట్నం పంపుతానా? గవర్నమెంటు హాస్టలు పిల్లలకి తోలేసేవాణ్ణి కదండీ.”