లింగ్‌జీ ఇంటి అత్తగారు

తెల్లవారి గంజి తాగే వేళకు గుయ్‌ఫెన్ వంటింట్లో మట్టికుండ సన్నని సెగ మీద ఉడుకుతూ ఉంటుంది. అందులో కోడి ఎముకలు, ఎండు రేగుపళ్ళు, పలచగా కోసిన లింగ్‌జీ ముక్కలు. చెక్కలా గట్టిగా ఉండే ఆ పుట్టగొడుగును నమిలి మింగడం ఎవరి తరమూ కాదు. గంటల తరబడి మరిగించి, ఆ చేదు చారే తాగాలి. లాంగ్‌చువాన్ కొండల్లో పుట్టినవాళ్ళకు ఆ చేదు పాలతోనే అలవాటవుతుంది. పట్నం నుంచి వచ్చిన కోడలు లీహువా మాత్రం పెళ్ళైన కొత్తలో ఒక్క గుక్క తాగి వెర్రి మొహం పెట్టింది. ఆ మొహాన్ని అత్తగారు పన్నెండేళ్ళుగా వచ్చిన చుట్టాలందరికీ చేసి చూపిస్తూనే ఉంది.

"ఎల్లుండే కదా ఆపరేషను. మీ సంచి సర్దేదా అత్తయ్యా?" అని అడిగింది లీహువా, గంజి గిన్నె ఆమె ముందు పెడుతూ.

"అక్కర్లేదు. వాయిదా వేశారు," అంది గుయ్‌ఫెన్ తలెత్తకుండా. "డాక్టరు ఫోన్ చేశాడు. వచ్చే నెల చూద్దామన్నాడు."

"పోనీలే అమ్మా, మంచిదే అయింది. లింగ్‌జీ పొడి దులిపే పని అయ్యాక తీరిగ్గా వెళ్దాం," అన్నాడు కొడుకు జిన్‌షెంగ్. మంచివాడే పాపం. కాకపోతే తల్లి చెప్పిన మాటకు ఎదురు ప్రశ్న వేయడం అతనికి పుట్టుకతో రాలేదు.

లీహువా మాత్రం గంజి గిన్నె పక్కకు జరిపింది. గుయ్‌ఫెన్ ఎడమ రొమ్ములో చిక్కుడుగింజంత గడ్డ బయటపడి నెల దాటింది. "తొందరగా పట్టుకున్నాం, ఇప్పుడే తీసేస్తే నిశ్చింతగా బతుకుతారు, ఆలస్యం చేస్తే నేను మాటివ్వలేను," అని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. అంత గట్టిగా చెప్పిన మనిషి వాయిదా ఎందుకు వేస్తాడు?

అత్తగారు లింగ్‌జీనే నమ్ముకుందేమోనన్న అనుమానంతో ఆమె అవి పెంచే పందిట్లోకి వెళ్ళింది. ప్లాస్టిక్ పట్టా కప్పిన ఆ పొడవాటి పందిట్లో, నేలలో సగం పాతిన దుంగల మీద లింగ్‌జీలు లక్క పూసినట్టు మెరుస్తూ నిలబడ్డాయి. అంచున తెల్లని గీత పోయి ఎరుపు తిరిగిందంటే అవి పొడి రాల్చడం మొదలుపెడతాయి. కంటికి ఆనని బీజాల పొడి అది, కాఫీ రంగులో ఉంటుంది. గాలికి పోకుండా ఒక్కొక్కదానికీ ఒక కాగితం గొట్టం తొడిగి, పైన అట్టమూత పెడతారు. లీహువా తూర్పు వరసలో ఒక గొట్టం తీసి చూసింది. అడుగున ఖాళీ. రెండోదీ అంతే. వరస మొత్తం ఎవరో శుభ్రంగా ఊడ్చేశారు.

ఆపరేషనుకు బదులు అత్తగారు ఆ పొడి మింగుతోందని ఆమెకు అర్థమైంది. అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేసింది. "మేమేం వాయిదా వేయలేదమ్మా," అంది అవతలి నర్సు. "పేషెంటే ఫోన్ చేసి రానని చెప్పారు. మీ ఇంట్లో తెలియదా?"

ఫోన్ పెట్టేసేసరికి అత్తగారూ కొడుకూ గంపలతో లోపలికి వస్తున్నారు.

"అత్తయ్యా, తూర్పు వరస గొట్టాల్లో పొడి ఏమైంది?"

"ఎలుకలేమో."

"ఎలుకలు తిని, మళ్ళీ మూతలు కూడా పెట్టి వెళ్ళాయా?"

గుయ్‌ఫెన్ మొహం జేవురించింది. "నా చేత్తో పెంచుకున్నది నేను తిన్నా. నిన్నడిగి తినాలా?"

"తినండి, ఎవరు కాదన్నారు? ఆపరేషను ఎందుకు మానుకున్నారో చెప్పండి. ఆసుపత్రికి ఫోన్ చేశాను. వద్దన్నది డాక్టరు కాదు, మీరు."

జిన్‌షెంగ్ గంప కింద పెట్టాడు. "అమ్మా, నిజమేనా?"

"నిజమేరా! ఏం చేస్తావ్?" గుయ్‌ఫెన్ గొంతు పందిరంతా మోగింది. "నిద్రపట్టనివాళ్ళు, ఆకలి చచ్చినవాళ్ళు, పురిటి నీరసం తీరనివాళ్ళు, నలభై ఏళ్ళుగా ఈ లోయంతా మన గుమ్మానికే వచ్చింది. అందరి గిన్నెల్లోనూ నేను పోసింది ఈ చారే. ఇప్పుడు నాకు జబ్బు రాగానే కత్తి కింద పడుకుంటే జనం ఏమనుకుంటారు? ముసలిది మనకు పుట్టగొడుగు పోసి, తను మాత్రం డాక్టరు దగ్గరికి ఉరికింది అనరూ? ఈ పందిరి వేసిన మీ నాన్న పేరు ఏమవ్వాలి?"

"మీరు పోతే ఏమంటారో అది కూడా చెప్పండి," అంది లీహువా.

"లీహువా! ఏం మాటలవి?" అన్నాడు జిన్‌షెంగ్.

"నువ్వు ఆగు. నువ్వు నోరు మూసుకునే ఇంతదాకా తెచ్చావు."

గుయ్‌ఫెన్ చూపు లీహువా కాళ్ళ దగ్గరున్న దుంగ మీద పడింది. దాని పక్కన చేతివేలి గోరంత మేర పచ్చబూజు పట్టింది. ఎంత కోపంలో ఉన్నా అలాంటిది చూసి ఊరుకునే మనిషి కాదు. మోకాళ్ళ మీద కూర్చుని, నడుముకున్న చాకు తీసి, ఆ పచ్చదనం చుట్టూ రెండు వేళ్ళ మందాన మంచి చెక్కతో సహా తవ్వి తీసింది. ఆ ముక్కను గంపలో పడేసి, గుంటలో సున్నం చల్లింది.

లీహువా ఆమె పక్కనే కూర్చుంది. "మంచి చెక్క కూడా ఎందుకు తీశారు అత్తయ్యా?"

"తీయకపోతే బూజు వేళ్ళు మిగిలిపోయి దుంగంతా పాకుతుంది. పన్నెండేళ్ళుగా చూస్తూ ఇదేం ప్రశ్న?"

"ఇంత బలమున్న లింగ్‌జీ ఆ దుంగ మీదే ఉంది కదా. అది తన కింది బూజును తనే ఎందుకు వదిలించుకోలేకపోయింది?"

గుయ్‌ఫెన్ చాకు తుడిచి నడుముకు దోపుకుంది. ఆమెకు జవాబు తెలుసు. ఈ పందిట్లో ఆ జవాబు ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఎప్పుడూ ఎవరూ వినని చిన్న గొంతుతో, "భయమేస్తోందే," అంది. "ఆ మత్తులోంచి నేను మళ్ళీ లేవకపోతేనో?"

లీహువా ఆమెను రెండు చేతులా పొదువుకుంది. పన్నెండేళ్ళలో అత్తాకోడళ్ళు అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. జిన్‌షెంగ్ చిన్నపిల్లాడిలా ఏడుస్తూ తల్లి పాదాల దగ్గర కూలబడ్డాడు.

అనుకున్న రోజుకే ముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారు. మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగాడు. లీహువా నోరు తెరిచేలోపే గుయ్‌ఫెన్ నిటారుగా కూర్చుని, "లింగ్‌జీ పొడి. రోజుకు ఆరు చెంచాలు. ఎవరికీ చెప్పకుండా తిన్నాను," అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమె ఎంత దిగమింగుకుందో కోడలికే తెలుసు.

డాక్టరు నవ్వలేదు, కసరలేదు. "చెప్పి మంచిపని చేశారు పెద్దమ్మా. అది రక్తాన్ని పలచన చేసే అవకాశం ఉంది. కోసేటప్పుడు రక్తం ఆగకపోతే మా తల ప్రాణం తోకకొస్తుంది. రెండు వారాలు పూర్తిగా మానేసి రండి."

"మరి అదంతా వట్టిదేనా డాక్టరుగారూ?"

"వట్టిదని నేననను. మనిషి సత్తువకు అది తోడ్పడుతుందేమోనని పెద్ద పెద్దవాళ్ళు ఇంకా పరిశోధిస్తున్నారు. గడ్డను మాత్రం అది కరిగిస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. నా పని నన్ను చేయనివ్వండి. తర్వాత చారు సంగతి చూద్దాం, నన్నడిగాకే తాగండి."

రెండు వారాలు ఆ ఇంటి పొయ్యి మీద మట్టికుండ ఎక్కలేదు. ఆపరేషను రోజున జిన్‌షెంగ్ వరండాలో ఎన్ని సార్లు అటూ ఇటూ తిరిగాడో చెప్పలేం. గుయ్‌ఫెన్ కళ్ళు తెరిచి, మొట్టమొదట అడిగిన మాట: "పందిట్లో పట్టాలు దించారా? వాన వస్తోంది." అది విని నర్సులు కూడా నవ్వారు. గడ్డ మొత్తం వచ్చేసింది, చంకలోకి పాకలేదు. డాక్టరు ఆ కబురు చెబుతుంటే లీహువా గోడకు ఆనుకుని, నవ్వూ ఏడుపూ కలిపి కానిచ్చేసింది.

ఊళ్ళోకి తిరిగి వచ్చిన రోజున వాళ్ళ వాకిట్లో టపాకాయల మోత లోయ చివరిదాకా వినిపించింది. ఎవరి ముందు పరువు పోతుందని భయపడిందో, ఆ జనమే గుడ్లూ సేమ్యాలూ పట్టుకుని వరసగా వచ్చారు. మిగిలిన చికిత్స ముగిసి, డాక్టరు సరేనన్నాక ఆమె మళ్ళీ చారు తాగింది. ఆకలి తిరిగొచ్చింది, నిద్ర పట్టింది. అది చారు మహిమో, ఇంటి గాలి మహిమో ఆమె తేల్చి చెప్పలేదు. ఇదివరకైతే క్షణంలో తేల్చేసేది.

మరుసటి ఎండాకాలం కొత్త దుంగల మీద లింగ్‌జీలు మొలకెత్తే వేళకు, దూరపు ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. భార్యకు కడుపులో గడ్డ అట. ఆపరేషను వద్దంటోందట. పొడి కావాలన్నాడు.

"ఇవ్వను," అంది గుయ్‌ఫెన్ నడుం మీద చేతులు పెట్టుకుని. "ముందు ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళు. భయమంటే ఇక్కడికి తీసుకురా, నా కుట్లు చూపిస్తా. డాక్టరు ఒప్పుకున్నాక రా, చారు నేనే కాచి పోస్తా."

ఆయన తెల్లబోయాడు. "మరి మీకు నయం చేసిందేమిటి పెద్దమ్మా? కత్తా, లింగ్‌జీనా?"

పందిట్లో దుంగలకు నీళ్ళు చల్లుతున్న లీహువా తలెత్తి చూసింది. గుయ్‌ఫెన్ ఆమె వైపు చెయ్యి చాపి, లోయంతా వినేంత గొంతుతో అంది:

"మా కోడలు!"