గాడిద ఎక్కించు, నాన్నా

ఆ శుక్రవారం పొద్దున్న తొంక పొయ్యి మీద కాఫీ పెట్టి, బంగాళాదుంపల్లో వెయ్యడానికి ఆకుకూర తుంచుతోంది. మనవరాలు నెడ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని కాడలు ఏరుతోంది. పిల్లకి మూడేళ్ళు నిండాయి. "నాన్న" అంటుంది, "పాలు" అంటుంది, నాయనమ్మని "నోన" అంటుంది. అలాంటివి మొత్తం పదకొండు మాటలు. రెండు కలిపి మాత్రం ఒక్కసారీ అనలేదు. పక్కింట్లో ఇదే ఈడు పిల్ల ఊరందరి మీదా చాడీలు చెబుతోంది మరి!

అందుకే కోడలు నీవెస్ పిల్లని ఓడెక్కించి, స్ప్లిట్ పట్నంలో మాటలు నేర్పే టీచరమ్మకి చూపించింది. ఆవిడ ఓ నోటుపుస్తకం ఇచ్చింది. పిల్ల రెండు మాటలు కలిపినప్పుడల్లా, అన్నది అన్నట్టు తేదీ వేసి రాసి, ఆర్నెల్లకి పంపమంది. అది చూసే, మాటలు రాని పిల్లలకి ఆవిడ తరగతిలో సీటు ఇస్తారట. నీవెస్ పగలంతా చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఉంటుంది గనక రాసిందీ తొంకే, పోస్టు చేసిందీ తొంకే.

ఇవాళ ఆ పుస్తకం ఉత్తరంతో సహా తిరిగొచ్చింది. నీవెస్‌కి మధ్యాహ్నం డ్యూటీ కావడంతో ఇంట్లోనే ఉంది. చదువుతూ చదువుతూ నిలబడిపోయింది.

"అత్తయ్యా, నెడ చక్కగా మాట్లాడుతోందట! సంతోషమట! సీటు ఇంకో పిల్లకి ఇచ్చేశారు. ఇది ఎప్పుడు మాట్లాడిందండీ?"

"నువ్వు పనికెళ్ళినప్పుడు... ఏదో ఒకటి అంటుందిలే."

"ఏమంటుంది? 'నోనా, ఇంకో అత్తిపండు.' సరే. 'గాడిద ఎక్కించు, నాన్నా.' గాడిదా? ఈ దీవిలో గాడిద కనబడి ఇరవయ్యేళ్ళయింది! నా కూతురు ఎక్కడ చూసిందండీ?"

తొంక ఆకుకూర పక్కన పెట్టింది.

"అది యెర్కో మాటే తల్లీ. మూడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ద్రాక్షతోట నుంచి వస్తుంటే ఎదురెళ్ళి అనేవాడు. అన్నీ వాడివే. ఇది ఏమైనా అంటుందేమోనని పెన్ను పట్టుక్కూర్చుంటే, నాకు వాడి గొంతే వినబడేది. ఒకటి రాశాను. ఇక ఆగలేకపోయాను."

యెర్కో ఆమె ఒక్కగానొక్క కొడుకు, నీవెస్ మొగుడు. కిందటి చలికాలం గాలివానలో పడవతో సహా పోయాడు. శవం కూడా దొరకలేదు.

"మీ కొడుకు మాటలు మీకు ముద్దే. మరి నా కూతురి గతేంటి?" నీవెస్ అరిచింది. "మళ్ళీ ఏడాది ఆగాలి! అప్పుడైనా సీటు వస్తుందని నమ్మకమేంటి?"

"తప్పే. నన్ను కొట్టు."

"కొడితే మాటలొస్తాయా దానికి?"

అంతలో రేవులో ఓడ కూత వేసింది. ఇద్దరూ నెడ కేసి చూశారు. ఈ కూత వినగానే నెడ మంచం కింద నుంచి నాన్న చెప్పులు తెచ్చి గుమ్మంలో పెడుతుంది, శుక్రవారం శుక్రవారం. నాన్న ఓడలో వస్తాడని చెప్పింది ఈ ఇద్దరే. నిజం చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు.

నెడ లేచి చెప్పులు తెచ్చింది. గుమ్మంలో పెట్టింది. చాలాసేపు రేవు దారి కేసి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, తల్లి ముఖంలోకి చూస్తూ, తడుముకోకుండా అంది:

"నాన్న లేడు."

పొయ్యి మీద కాఫీ పొంగిపోయింది. ఏడాదిగా ఏ రెండు మాటల కోసం మొక్కని మొక్కు లేదో, ఆ రెండు మాటలు వచ్చేశాయి.

నీవెస్ పుస్తకం అత్తగారి ముందు పెట్టింది. "రాయండి. ఇది దాని మాటే."

"నా చేత్తో ఎలా రాయనే? ఇన్నాళ్ళూ వాణ్ణి ఇందులోనే దాచుకున్నాను." తొంక కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

నీవెస్ కోపం ఎటు పోయిందో, అత్తగారి పక్కనే నేల మీద కూలబడి, ఆ చేతిలో పెన్ను పెట్టి, పైన తన చెయ్యి వేసింది. గాడిద మాట కింద తేదీ వేశారు. ఆ రెండు మాటలూ రాశారు. దీంతో పోయిన సీటు తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు.

నెడ చెప్పులు తీసుకుని లోపలికెళ్ళింది. మంచం కింద జతగా పెట్టి, వచ్చి మళ్ళీ కాడలు ఏరుకుంది. పై శుక్రవారం ఓడ కూత వేసినా లేవలేదు.