కొలతరాయి దగ్గర ఆగమనే గొంతు

పొద్దు వాలాక ఆ కొలతరాయి వైపు ఎవరూ పోరు.

ఊరి చివర, రాళ్ళు కొట్టడం ఎప్పుడో మానేసిన క్వారీ పక్కన మోకాలెత్తు రాయి అది. నెత్తిన కూడిక గుర్తు చెక్కి ఉంటుంది. భూమి కొలిచేవాళ్ళు ఆనవాలు కోసం పాతుకున్న రాయి, అంతే. పగలు దాని మీద కూచుని సిగరెట్లు కాల్చుకునేవాళ్ళున్నారు. చీకటి పడితే మాత్రం అక్కడో ఆడగొంతు వినబడుతుందట. అరుపు కాదు, ఏడుపూ కాదు. పక్కనే నిలబడి ఎవరో అన్నట్టు —

“ఆగు…”

ఆ ఒక్క మాటే.

ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు అది విని పరుగు లంకించుకుని, మెయిన్ రోడ్డు దాకా వెనక్కి చూడలేదట. ఒకాయన చెప్పులు అక్కడే ఉండిపోయాయి. పగటిపూట వెళ్ళి తెచ్చుకోవయ్యా అంటే కొత్తవి కొనుక్కున్నాడు గానీ పోలేదు. ఒక నర్సు మూడు రోజులు జ్వరంతో మూలిగింది. పదిమందికి సూదులు పొడిచే మనిషి.

అసలు చీకట్లో అక్కడ వీళ్ళకేం పని అంటారా… అదొక ఆట.

ఉద్యోగాలూ సంసారాలూ ఉన్న పెద్దవాళ్ళే ఒక చిన్న డబ్బాలో కాగితం చుట్టి పెట్టి, ఏ రాతి కిందో తూములోనో దాస్తారు. దాచి ఊరుకుంటారా, ఎక్కడ దాచారో ఆ లొకేషన్ అంకెలు ఫోన్‌లోని యాప్‌కి ఎక్కించి లోకమంతటికీ చాటుతారు. మిగతావాళ్ళు ఫోన్‌లో బాణం చూసుకుంటూ వెతుక్కుంటూ వస్తారు. దొరికితే కాగితం మీద సంతకం చేసి, డబ్బా మళ్ళీ అక్కడే పెట్టి పోతారు. చేతికొచ్చేదేమీ లేదు. దక్కేదల్లా అంకెలు — ఎవరికి ఎన్ని దొరికాయి, రోజుకొకటి చొప్పున ఎవరు ఎన్నాళ్ళు వరస తెగకుండా లాక్కొచ్చారు అని. ఆ వరస కోసం అన్నం ముందు నుంచి లేచిపోయేవాళ్ళున్నారంటే, ఏం చెప్పను, ఉన్నారు.

ఆ యాప్ కంపెనీలో ఫిర్యాదులకి జవాబులు రాసేది ఒకామె. ఆఫీసులో అందరూ ఆమెని ఆఫ్-ఆన్ అక్క అనేవారు. బాణం తిరగట్లేదన్నా, పటం తెరుచుకోవట్లేదన్నా, ఆమె రాసే మొదటి జవాబు ఒకటే: ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి. తప్పు ఆమెది కాదు, రోజుకి నూట యాభై జవాబులు పోవాలని పైవాళ్ళు పెట్టిన నియమం. నూట యాభై ఫిర్యాదులు చదివి అర్థం చేసుకుని రాయడం ఏ మనిషి వల్ల అవుతుంది? పైన రెండు ముక్కలు చూసి, తయారుగా ఉన్న జవాబు అతికించేసేది.

ఆ కొలతరాయి కింద డబ్బా దాచింది ఆమె అన్నయ్యే.

ముప్ఫై ఆరేళ్ళు సర్వేయరు. తల్లిదండ్రులు పోయాక చెల్లెలికి జడలు వేసి బడికి పంపినవాడు. రిటైరయ్యాక నోట్లోంచి మాట రావడం మానేస్తే, ఆమే ఈ ఆట నేర్పింది. ఆయన ఇక ఊరుకోలేదు. తాను పాతిన, తాను కొలిచిన రాళ్ళన్నిటి దగ్గరా డబ్బాలు దాచుకుంటూ పోయాడు. రెండు వందల పన్నెండు. పొద్దున్న లేస్తే పేపరు కాదు, తన డబ్బాల లెక్క చూసుకుంటాడు. నిన్న ఎంతమంది సంతకాలు పెట్టారు, ఏ డబ్బాని ఎవరు మెచ్చుకున్నారు… “నేను పోయినా ఈ లెక్క నడుస్తుందే బుజ్జీ,” అనేవాడు, మురిసిపోతూ.

ఈ దెయ్యం గొడవ యాప్‌లోకీ పాకింది. ఆ డబ్బా కింద జనం దెయ్యమనీ, లొకేషన్ తప్పనీ ఏవేవో రాస్తున్నారు. ఇక పైఅధికారి ఆమెని పిలిచి, నెలాఖరులోగా తేల్చమన్నాడు. లొకేషన్ సరిగ్గా ఉంటే సరే. తప్పని తేలితే నియమం తెలుసుగా, ఆ మనిషి దాచినవన్నీ ఒకేసారి తీసేయాలి.

ఆమె అన్నయ్యని అడిగింది. ఆయన కస్సుమన్నాడు. ఆ రాయి తన చేత్తో పాతాడట, దాని అంకెలు తన సర్వే పుస్తకంలో సిరాతో ఉన్నాయట. మిగతావన్నీ ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడి ఎక్కించాడు గానీ, ఈ మొదటి డబ్బా నాటికి ఫోన్ అలవాటు లేక, పుస్తకంలో చూసి ఎక్కించాడట. పుస్తకం కంటే నీ ఫోన్ గొప్పదా అని మొహం తిప్పుకున్నాడు.

సరే, చూసొస్తే పోతుంది కదా అని, ఆ సాయంత్రం ఆఫీసు నుంచి, మెడలో కార్డు కూడా తియ్యకుండా, అటే బయల్దేరింది.

వెళ్ళేసరికి చీకటి పడింది.

ఫోన్‌లో బాణం వెలుగుతోంది. రెండు వందల మీటర్లు… నూట ఇరవై… వంద… ఎడమ పక్క తెల్లగా ఏదో కనబడింది. రాయి. నెత్తిన కూడిక గుర్తు. చెయ్యి పెట్టి చూస్తే కింద డబ్బా కూడా తగిలింది.

బాణం మాత్రం ఇంకా ముందుకే చూపిస్తోంది. తొంభై మీటర్లు.

ఆమె అందరికీ చెప్పేదే తానూ చేసింది. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసింది. మళ్ళీ తొంభై.

రాయి చూశాక వెనక్కి తిరగొచ్చు. కానీ ఎందుకలా చూపిస్తోందో తేలాలిగా. నడిచింది. తుప్పలు చీరకి తగులుకుంటున్నాయి. కళ్ళు ఫోన్ మీదే… నలభై… పదిహేను… ఎనిమిది…

నాలుగు…

“ఆగు.”

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఇంకో కాలి కింద చిన్న రాయి కదిలి, దొర్లి… చప్పుడు లేదు.

చాలాసేపటికి, ఎక్కడో బాగా కింద, నీళ్ళలో పడిన చప్పుడు.

“వెనక్కి రా,” అంది ఆ గొంతు. “నిదానంగా. ఫోన్ కిందికి దించు, కళ్ళకి చీకటి అలవాటవుతుంది.”

తుప్పల పక్కన ప్లాస్టిక్ స్టూలు. దాని మీద శాలువా కప్పుకుని ఒక మామూలు ఆడమనిషి. ఒళ్ళో ఆర్పేసిన టార్చి, కాళ్ళ దగ్గర మంచినీళ్ళ సీసా.

ఆవిడ పోస్ట్‌మాన్ భార్య. ఏడు నెలల కిందట ఆయన ఈ క్వారీ గోతిలోనే పడి చనిపోయాడు. పగలల్లా ఉత్తరాలు పంచి, సాయంత్రం ఆ రోజు డబ్బా వెతుక్కోవడానికి వచ్చాడు. నాలుగు వందల పదకొండో రోజట, వరస తెగకూడదని. తాగి పడ్డాడన్నారు. టీ తప్ప ఏదీ ముట్టని మనిషిని. పగలు వచ్చేవాళ్ళకి ముందు రాయి కనబడుతుంది, ఆగిపోతారు. రాత్రి వచ్చేవాళ్ళకి బాణం ఒక్కటే కదా కనబడేది. కంచె వేయమంటే రాయి ఒక శాఖది, గొయ్యి ఇంకో శాఖది అని ఆఫీసుల చుట్టూ తిప్పారు. యాప్ వాళ్ళకి రాసింది. ఒకటి కాదు, పంతొమ్మిది సార్లు.

“ఏమన్నారు?” అని అడిగింది ఆఫ్-ఆన్ అక్క.

“ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యమన్నారు.”



అందుకని పొద్దు వాలగానే వచ్చి కూచుంటుందట, రోజూ. మరి దెయ్యంలా భయపెట్టడం ఎందుకు, విషయం విడమరిచి చెప్పొచ్చుగా అని అడిగితే, ఆవిడ నవ్వింది. నవ్వో, నిట్టూర్పో.

“చెప్పి చూశానమ్మా. మనిషిలా చెప్తే, ఫోన్ ఇటే చూపిస్తోంది మీకేం తెలుసని వాదనకొస్తారు. దెయ్యంలా అంటే ఒక్కమాటకే వింటారు.” తర్వాత అడిగింది. “నువ్వేం చేస్తుంటావు?”

“ఆఫీసులో… చిన్న ఉద్యోగం,” అంది ఆఫ్-ఆన్ అక్క.

ఆవిడ తలాడించింది. జాగ్రత్తగా పొమ్మంది.

అక్కడి నుంచి సరాసరి అన్నయ్య ఇంటికే పోయింది. రాయికీ బాణానికీ మధ్య తొంభై మీటర్లు ఎలా వచ్చాయని అడిగింది. ఆయన పుస్తకం తియ్యలేదు, లెక్కా చెయ్యలేదు. తల దించుకునే చెప్పాడు. పాత పటాలు గీసినప్పుడు భూమిని కొలిచిన పద్ధతి ఒకటి, ఇప్పుడు ఆకాశంలోంచి ఉపగ్రహాలు కొలిచే పద్ధతి మరొకటి. పాత అంకెల్ని మార్చకుండా ఫోన్‌కి ఎక్కిస్తే అంతా పక్కకి జరుగుతుంది. సర్వేలో చేరిన కొత్తవాడికి మొదటి వారంలో నేర్పే సంగతి అది.

“నీకెప్పుడు తెలిసింది అన్నయ్యా?”

“ఆ పోస్ట్‌మాన్ పోయిన మర్నాడు.”

“దిద్దలేదేం?”

“ఏ రోజు దిద్దానో యాప్‌లో కనబడదూ? నేనే చంపినట్టు అయిపోదూ?” ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఒకప్పుడు ఆమెకి జడలు వేసిన చేతులు. “దెయ్యం ఉందంటున్నారుగా బుజ్జీ. ఇంక ఎవరూ పోరులే. అలాగే ఉండనీ. ఆ లెక్క తప్ప నాకింకేముంది?”

ఆమె చెయ్యి విడిపించుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో, ఎవరూ రాకముందే, తీసేయి అన్న బటన్ నొక్కింది. రెండు వందల పన్నెండు కాస్తా సున్నా అయింది. రెప్పపాటు కూడా పట్టలేదు. తొమ్మిదింటికి అన్నయ్య నుంచి ఫోన్ వచ్చి, రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన ఎన్నడూ చెయ్యలేదు.

పంతొమ్మిది ఫిర్యాదులూ తెరిచి, మొదటిసారి పూర్తిగా చదివింది. మూడో దాంట్లోనే అంతా ఉంది, గోతి లోతెంతో కూడా. చదివి, పోస్ట్‌మాన్ భార్యకి జవాబు రాసింది. ఆ డబ్బా తీసేశామనీ, కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నామనీ. కింద తన పేరు పెట్టలేదు. కంపెనీ తరఫున అని పెట్టింది.

ఉద్యోగం చేసుకునే మనిషి కదా, పాపం, ఆ పాటి ధైర్యమే చాలనుకుంది.

మధ్యాహ్నానికి తిరుగు జవాబు వచ్చింది.

“తీసేసినందుకు సంతోషం. నిన్న నువ్వు తుప్పల్లోంచి వస్తుంటే, ఫోన్ వెలుగు నీ మెడలో కార్డు మీద పడింది. మీ కంపెనీ గుర్తు అంత దూరం నుంచే పోల్చుకున్నాను. మిగతావాళ్ళని ఇరవై అడుగుల అవతలే ఆపుతానమ్మా. నిన్ను ఆపనా వద్దా అని… కాస్త ఆలస్యమైంది.”