ఎక్స్‌రేలో ఐదు వేళ్ళు

పొద్దుటి నుంచీ ముసురు. నేలమాళిగలో ఉన్న ఎమర్జెన్సీ వార్డుకి కిటికీలు లేవు. బయట వాన తగ్గిందో పెరిగిందో రోగుల తడి చెప్పుల్ని చూసి తెలుసుకోవాల్సిందే. ఫినాయిలు వాసనా తడిబట్టల వాసనా కలిసి గాలి బరువెక్కింది. ట్రైనీ డాక్టరమ్మకి కాళ్ళు పీకేస్తున్నాయి. రాత్రి డ్యూటీ ముగిసినా, పగలు రావాల్సినవాళ్ళు రాక ఆమే నెట్టుకొస్తోంది.

దానికి తోడు పెద్ద డాక్టరు గారి చీవాట్లు. తలనొప్పి అన్న ప్రతివాళ్ళకీ స్కాన్ రాసి పారేస్తోందని.

"ఫొటో తీయించే ముందు నిన్ను నువ్వు అడుగు. ఏం చూద్దామని? చూశాక వైద్యం ఏమన్నా మారుతుందా?" రోజూ ఆయనది ఇదే పాట.

మధ్యాహ్నం ఒక పెయింటరుని తెచ్చారు. ఖాళీ ఇంట్లో గోడలకి రంగు వేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. ఎడమ పక్క నొప్పి, ఆయాసం. లేవలేకపోతే పడుకోబెట్టే ఛాతీకి ఎక్స్‌రే తీశారు.

తెర మీద బొమ్మ చూసి ఆమె ఇంకా దగ్గరికి వంగింది. పక్కటెముకల మీద అడ్డంగా... ఐదు వేళ్ళ ఎముకలు.

"ఆయన్ని ఎవరైనా పట్టుకున్నారా?"

"ఎవరూ లేరు మేడం. తలుపు నేనే వేశాను," అన్నాడు టెక్నీషియను గొంతు తగ్గించి. "ఆయన చేతులు రెండూ పక్కకే ఉన్నాయి."

మళ్ళీ తీశారు. ఈసారి ఆ చెయ్యి మెడ దగ్గరికి జరిగింది. సన్నటి ఎముకలు. ఆడమనిషివి. మణికట్టు విరిగి ఉంది. భయపడుతూనే, అలవాటుకొద్దీ అదీ గమనించింది.

పెయింటరు ఆమె కోటు అంచు పట్టుకున్నాడు.

"నేను జారలేదమ్మా... వెనక నుంచి తోసింది."

"ఎవరు?"

"ఏమో... ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నా..."

అతని పెదవులు నీలం తిరుగుతున్నాయి.

పెద్ద డాక్టరు గారు వచ్చి రెండు బొమ్మలూ చూశారు.

"సీటీ స్కాన్‌కి పంపుతావా?"

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి సంగతి తర్వాత. ముందు ఊపిరి సంగతి.

"అక్కడికి చేరేలోపే పోతాడు సార్. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా, పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో తెలియకపోవచ్చు. ఇక్కడే అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తాను."

"పెట్టు."

ఎడమ ఛాతీ మీద ప్రోబ్ ఆనించింది. ఊపిరితిత్తి అంచు కదలడం లేదు. అనుకున్నదే, చుట్టూ గాలి చేరింది. గాలి తీసే సూది అందుకోబోయింది... చెయ్యి రాలేదు. ఆమె వేళ్ళ మీద ఇంకేవో వేళ్ళు. మంచుగడ్డల్లా. బిగుస్తున్నాయి.

బలవంతాన విదిలించుకుంది. సూది దింపింది.

బుస్సుమని గాలి బయటికొచ్చింది. పెయింటరు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ఛాతీలోకి గొట్టం వేశాక తీసిన ఎక్స్‌రేలో పక్కటెముకలు తప్ప మరేమీ లేవు.

"ఇవాళ సరిగ్గా ఎంచుకున్నావు," అన్నారు పెద్ద డాక్టరు గారు.

ఆ మాట కోసం ఎన్నాళ్ళుగానో ఎదురుచూసింది. తీరా విన్నాక సంతోషించే ఓపిక లేదు. సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. తలుపు దగ్గర సిస్టరు ఆపింది.

"డాక్టరమ్మా, మీ కోసం ఒకావిడ కూర్చుంది. మణికట్టు విరిగిందట. ఎక్స్‌రే మీరే రాయాలట, ఇంకెవరూ వద్దట."

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. కుర్చీలన్నీ ఖాళీ.

చివరి కుర్చీ మెత్త మాత్రం... కిందికి అణిగి ఉంది.