చక్కెర లేని టీ

"టీల చక్కెర లేదు," అన్నది రజిని.

"వెయ్యలేదు. నీ మంచికే," అన్నాడు ఆరోన్, ఏదో ఘనకార్యం చేసినవాడిలా.

తార్నాకలో ఆరోన్ వాళ్లింటికి ఎదురుగానే లేడీస్ హాస్టల్. అక్కడుండి యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్న రజిని, పది రోజులుగా సాయంత్రం కాగానే ఇంజెక్షన్ కోసం వస్తోంది. మందు చల్లగా ఉండాలి, హాస్టల్లో ఫ్రిజ్ లేదు. ఆరోన్ వాళ్లమ్మ సుగుణమ్మ రిటైరైన నర్సు. మందు దాచేదీ ఆవిడే, సూది పొడిచేదీ ఆవిడే. ఆ మందు దేనికో మాత్రం కొడుక్కి చెప్పలేదు. రజిని వద్దంది.

ఫ్రిజ్‌లో మందు, రోజూ సూది. ఇంకేముంటుంది, షుగరే అని తేల్చేశాడు ఆరోన్. జెనెటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న బుర్ర మరి. అంతటితో ఆగాడా? క్యాంపస్ క్యాంటీన్లో ఆమె చేతిలోంచి డబుల్ కా మీఠా కప్పు లాక్కుని తానే తినేశాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు కోసమే అతను ల్యాబ్ నుంచి పెందలాడే ఇంటికొస్తున్నాడని సుగుణమ్మకి తెలుసు, గోడమీది బల్లికీ తెలుసు.

బయట వాన మొదలైంది.

"ఇయ్యాల ఆఖరు సూది," అన్నది రజిని.

రేపట్నుంచి ఈమె రాదు, అనుకున్నాడు ఆరోన్. "షుగర్ తగ్గిందా?"

"నాకు షుగర్ అని ఎవరు చెప్పిన్రు?" రజిని గ్లాసు కింద పెట్టింది. "నాకు క్యాన్సర్, లింఫోమా. వచ్చే వారం కీమో. ఆ మందులతోని తర్వాత పిల్లలు కాకపోవచ్చట. అందుకే ముందే ఎగ్స్ తీసి ఫ్రీజ్ చేస్తరు. గీ సూదులు దానికే."

ఆరోన్ ఆమె కింద పెట్టిన గ్లాసు వైపు చూశాడు. "మరి... నేను లాక్కున్న మీఠా?"

"మస్తు బాధైంది దానికి," అని నవ్వబోయి ఆగింది. "ఎగ్స్ దాచినా గ్యారంటీ లేదన్నరు డాక్టర్. నువ్వు నా దిక్కు చూసే చూపు నాకు తెల్వదా ఆరోన్? ఇప్పుడే తప్పుకుంటే నేనేం అనుకోను."

"భయంగానే ఉంది రజినీ," అన్నాడతను. "పిల్లల గురించి కాదు, నీ గురించి. నిన్ను ప్రేమిస్తున్నాను. ఎగ్స్ తీసే రోజు వస్తాను, కీమోకీ వస్తాను. వద్దంటే హాస్పిటల్ గేటు దగ్గర నిలబడతాను."

"రేపు పిల్లలు కాకపోతే?"

"ఇద్దరమే కూర్చుని టీ తాగుదాం."

"ఇద్దరే ఏంట్రా, నన్నెక్కడికి తోలేస్తావు?" లోపలి నుంచి సుగుణమ్మ గొంతు వినబడింది. "నాకూ ఓ గ్లాసు పెట్టు. ఆ పిల్లకి ఇకనైనా పంచదార వేసి చావు."

రజిని కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. ఆరోన్ ఆమె గ్లాసులో చెంచాల మీద చెంచాలు పంచదార వేశాడు. ఆమె ఒక గుక్క తాగి, మూతి ముడిచి, మళ్లీ తాగింది.

"కీమో రోజు ఫ్లాస్క్‌ల తేవాలె," అన్నది. "గింత తీపి మాత్రం వద్దు."