మక్కికి మక్కి

జలుబుతో గొంతు పూడుకుపోయినా కూరగాయలమ్మే ఆవిడ కేక ఆ ఉదయం గాజువాక వీధిలో తేటగానే వినిపించింది. ఆమె మెడలో వేలాడే మేలిమిపేటిక అనే చిన్న యంత్రం బొంగురును వడగట్టి, నిండైన గొంతును బయటికి పంపుతోంది. విశాఖలో ఎవరి గొంతూ జీరబోయి చాలా ఏళ్లయింది. అలాంటి పేటికే మెడలో ఉన్న హెప్సిబా గిటార్ భుజాన వేసుకుని పాత స్నేహితుడు సింహాద్రి షెడ్డులోకి నడిచింది.

ఈ పేటికలు మొదట గిటార్ల కోసమే పుట్టాయి. పాతకాలపు ఆంప్లిఫయర్లలో గాజు గొట్టాలు వేడెక్కి గుర్రుమనేవి. గట్టిగా మీటితే గర్జించేవి, మెల్లగా మీటితే ముడుచుకుపోయేవి. ఇంజనీర్లు వాటిలోని మంచిని ఉంచుకుని, తక్కినదంతా తీసిపారేసి, ఆంప్లిఫయర్ అన్నది ఎలా మోగాలో అలా మోగే నమూనా తయారుచేశారు. తర్వాత ఆ పద్ధతి బడిపిల్లల ప్రార్థనకూ, రైల్వే ప్రకటనలకూ, మనుషుల మాటలకూ పాకింది. సింహాద్రి మాత్రం మక్కికి మక్కి పేటికలు చేస్తూ కూర్చున్నాడు. పాత యంత్రం ఎలా మోగిందో అలాగే, దాని గురకతో సహా. ఒకప్పుడు అతనూ హెప్సిబా ఒకే బృందంలో వాయించేవారు. ఇప్పుడామె నగరంలో పేరున్న విద్వాంసురాలు. సంగ్రహాలయం వాళ్లు పాత నాదంలో ఒక పాట కావాలని అడగబట్టి ఇలా వచ్చింది.

సింహాద్రి పేటికకు గిటార్ తగిలించి ఆమె తీగ మీటింది. నలిగిన చప్పుడు వచ్చింది. మళ్లీ మీటింది. సగం స్వరాలు పుట్టకముందే చచ్చిపోయాయి. పేటిక పాడైందని ఆమె అంటే సింహాద్రి ఇంకోటి తగిలించాడు. అదీ అంతే. ఆమెకు కోపం వచ్చింది. చెత్తను పోగేసుకుని దానికి కళ అని పేరు పెట్టుకున్నావంది. అతను గిటార్ అందుకుని అదే పాట వాయించాడు. షెడ్డు రేకులు అదిరిపోయాయి.

"పెట్టెలో లోపమేటీ లేదక్కా," అన్నాడు, ఆమె ముఖంలోకి చూడలేక. "ఓ పాలి నీ చెయ్యి డాక్టరుకి చూపించుకో."

నరాల డాక్టరు రెహానా ఆమె కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా వంచి చూసింది. పరీక్షలు చేయించింది. వేళ్లను కదిలించే నరాలు ఎండిపోతున్నాయనీ, మూడేళ్ల కిందటే వచ్చి ఉంటే ఆపగలిగేవాళ్లమనీ చెప్పింది.

"వాద్యం వాయించేవాళ్లు మామూలుగా అందరికంటే ముందొస్తారండీ. శబ్దంలోనే తేడా పట్టేస్తారు. మీకు తెలియలేదా?"

జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమైతే హెప్సిబా వయసనుకుంది. గరిటె జారిపోతే అలసట అనుకుంది. గిటార్ మాత్రం ఏనాడూ ఆమెను తప్పుపట్టలేదు. బలహీనంగా తాకిన ప్రతి తీగనూ గిటార్‌కు తగిలించిన మేలిమిపేటిక ఎత్తి నిలబెట్టింది.

ఆ సాయంత్రం ముందే ఒప్పుకున్న కచేరీకి వెళ్లవద్దని సింహాద్రి బతిమాలాడు. డాక్టరే పొరబడి ఉండాలనే ఆశ ఆమెను ఆగనివ్వలేదు. వేదిక మీద మేలిమిపేటికలోంచి స్వరాలు ముత్యాల్లా రాలాయి. ఆమె వేళ్లు సడలించింది. నాదం తగ్గలేదు. తీగల మీద ఊరికే వేలు ఆనించింది. అయినా తగ్గలేదు. చివరికి చెయ్యి పూర్తిగా తీసేసింది.

పాట ఆగలేదు.

ఆమె అలవాట్లన్నీ పేటికకు తెలుసు. తప్పిపోయిన స్వరాన్ని ఊహించి నింపడం దాని పని. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆమె తన పాటను చివరిదాకా విన్నది. ముందు వరసలోవాళ్లు తలలూపుతున్నారు. సభ చప్పట్లతో మోగిపోయింది.

"వాయించింది నేను కాదు," అంది ఆమె లేచి నిలబడి. ఏడుపుతో గొంతు పూడుకుపోయింది. మెడలోని పేటిక ఆ ఏడుపును వడగట్టి, మాటను మాత్రం తియ్యగా సభకు అందించింది. వినయం అనుకున్నారు జనం. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

మర్నాడు షెడ్డుకొచ్చినప్పుడు పేటిక లేక ఆమె మెడ బోసిగా ఉంది. బొంగురుపోయిన ఆ గొంతు విని సింహాద్రి ముందు గుర్తుపట్టలేదు. మందులు జబ్బును నెమ్మదింపజేస్తాయే తప్ప పోయిన బలాన్ని తిరిగివ్వవని డాక్టరు తేల్చేసిందట.

"రోజూ ఇక్కడికొచ్చి వాయిస్తాను. నాదం తగ్గితే తగ్గిందని చెప్పు. నా దగ్గర దాచకు."

ఆ మాట తన నోటితో చెప్పించవద్దన్నాడతను. చెప్పడానికి ఇంకెవరూ లేరందామె. అతను తలూపి, ఆమె గిటార్‌ను పాత నాదపు పేటికకు తగిలించాడు.

వానాకాలం వచ్చేసరికి చూపుడువేలు పూర్తిగా పడిపోయింది. పైకప్పు మీద వాన కురుస్తుంటే ఆమె బొటనవేలితోనే పాట లాక్కొచ్చింది. మధ్యమధ్య స్వరాలు లేనిచోట గాజు గొట్టాల గుర్రుమనే చప్పుడు మాత్రమే వినిపించింది.

"ఎలా ఉంది?"

"నిన్నటికన్నా నాదం తగ్గిందక్కా," అన్నాడు సింహాద్రి.

ఆమె తలూపింది. నొప్పెడుతున్న బొటనవేలిని చీర కుచ్చెళ్లకు తుడుచుకుని, పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.